మెడలు చూసే మనిషి

ఫ్రాయ్ బెంతోస్‌లో జులై అంటే చలి.
ఉరుగ్వే నది మీంచి లేచిన మంచు
మా సినిమాహాలు మెట్లదాకా వచ్చి ఆగుతుంది,
టికెట్ లేనట్టు.

ముప్ఫై ఒక్క ఏళ్లుగా ప్రొజెక్టర్ గదిలో నా పని.
మొహాలు నాకు తెలీవు.
అరచెయ్యంత అద్దంలోంచి మెడలు తెలుసు.
ఏ మెడ ఎప్పుడు నిటారవుతుందో,
ఏది నిద్రకు వాలుతుందో, ఏది ఏడుపుకు వాలుతుందో.
రెండూ ఒకేలా ఉంటాయి కానీ
ఏడ్చే మనిషి మోచెయ్యి ఒక్కసారి లేచి దిగుతుంది.

గురువారం వచ్చిన సినిమాలో ఏమీ జరగదు.
పదమూడేళ్ల పిల్ల. ఒక వేసవి.
బూట్లు బిగుతవుతాయి, ఎవరికీ చెప్పదు.
వేళ్లు ముడుచుకుని నడుస్తుంది
బేకరీకి, నదికి, పిన్ని పెళ్లికి.
చివరికి వాటిని తమ్ముడి మంచం పక్కన పెట్టి
వట్టికాళ్లతో బయటికొచ్చి గేటు వేస్తుంది.
గేటు మీదే బొమ్మ నిలబడిపోతుంది.
నలభై సెకన్లు.
యంత్రం పాడైందేమోనని లెక్కపెట్టాను.

మొదటి ఆటకి పందొమ్మిది మెడలు.

కుర్రతనంలో మాంసం ఫ్యాక్టరీలో
డబ్బాలకు మూతలు బిగించినవాడు అదెమార్.
దీపాలు వెలగ్గానే లేచి "ఇంతేనా?" అన్నాడు
హాలంతా వినబడేలా.
"ఈ మాత్రం మా ఇంట్లోనూ జరిగింది,
టికెట్ ఎవరు కొన్నారు?"
నలుగురు నవ్వారు. తనూ నవ్వబోయాడు.
మాతె గిన్నెలో నీళ్లు పోసుకోవడం మర్చిపోయి
ఖాళీ గొట్టం పీల్చుకుంటూ మెట్లు దిగాడు.

వారపత్రికలో రాసే యమందూ
నది అంటే కాలం అని చెప్పాడు.
కావచ్చు.
నాకు నది నదిలాగే కనబడింది,
నీళ్లు కాస్త తక్కువ.

దర్జీ ఎల్బియాకి మాత్రం కోపం.
"తల్లి మొహం ఒక్కసారీ చూపించలేదు, గమనించావా?
అన్నీ చేతులే. ఉతికే చేతులు, పిండి పిసికే చేతులు.
కూతురి నడక కనబడదా ఆ చేతులకి?"
తర్వాత ఏమీ అనకుండా, నా ముందే,
వరండా చలిలో, కుడికాలి చెప్పు విప్పి
పక్కవేలు మీదికెక్కిన బొటనవేలు చూపించింది.
మళ్లీ తొడుక్కుని వెళ్లిపోయింది.

వెనక వరుసలో ఇద్దరు హైస్కూలు కుర్రాళ్లు
సినిమా అంతా పాప్‌కార్న్ విసురుకున్నారు.
పిల్ల సాక్సు తీసినప్పుడు మాత్రం
చేతులు గాల్లో ఆగాయి.
ఎలా ఉందిరా అంటే "బోర్" అన్నారు.
ఆ మాట మధ్యలో ఒక గొంతు చీలింది.
అది ఎవరిదో తెలీనట్టు
ఇద్దరూ రోడ్డు వైపు చూశారు.

నాకంటూ ఒకటుంది, చెప్పకూడదనుకున్నాను.
ప్రతి ఏడూ నా పుట్టినరోజుకి నాన్న
తలుపు చెక్క మీద పెన్సిల్‌తో నా ఎత్తు గీసేవాడు.
పదమూడో ఏట పెన్సిల్ తియ్యలేదు.
నేనూ అడగలేదు.
గీతలు ఇప్పటికీ
నా ఛాతీ దగ్గరే ఆగి ఉన్నాయి.

శనివారం ఒక తల్లీ కూతురూ.
మధ్య కుర్చీలో రెండు కోట్లు, ఒకదాని మీద ఒకటి.
గేటు దగ్గర తల్లి చెయ్యి కోట్ల మీదికి వచ్చింది.
పిల్ల చెయ్యి రాలేదు.
కానీ తన కోటు లాక్కోనూ లేదు.

ఆదివారం ఆఖరి ఆట. మూడే మెడలు.
రేపట్నించి కార్ల సినిమా, పోస్టర్ అతికించేశారు.
మూడో వరుసలో, ఒంటరిగా, ఆ ఊలుటోపీ నేనెరుగుదును.
గేటు నిలబడ్డ నలభై సెకన్లలో
అతని మోచెయ్యి లేచింది.
టోపీ సర్దుకోడానికే అయ్యుండొచ్చు.
దీపాలు నేను కొంచెం ఆలస్యం చేశాను.

వెళ్తూ వెళ్తూ అదెమార్
నా గది తలుపు తట్టాడు, విసుగ్గా.
"ఆ గేటు కిర్రుమంటోంది,
కాస్త నూనె వెయ్యమని చెప్పు వాళ్లకి."